ఆకుపచ్చ పట్టీ

దేవకృప ఆకుపచ్చ గుడ్డపట్టీని కత్తిరించి, దానికి కుంచెతో జిగురు రాసింది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన ఆ మైదా జిగురు ఇన్నేళ్లలో ఆమె గోళ్ల చివర్లను నీలంగా చేసేసింది. మెట్టుగూడలోని ఆ మిషన్ బడి లైబ్రరీలో, వెన్నుకు ఆకుపచ్చ పట్టీ ఉన్న పుస్తకమే పిల్లల బీరువాలోకి వెళ్తుంది, మిగతావి పెద్దల బీరువాలోకి. పట్టీ వేసేముందు మూడో తరగతికి చదివి వినిపించాలి. "మళ్ళీ చదవండి" అని పిల్లలు అడగాలి. అది ఆమె పెట్టుకున్న పద్ధతే. ఈ రోజు మాత్రం చదవకముందే జిగురు రాసింది. పుస్తకం జకర్యా మాస్టారిది. ఇదే బడిలో ఆమెకు తెలుగు నేర్పిన మనిషి, రిటైరయ్యాక అచ్చువేయించిన పిల్లల గేయాలు.

పిల్లలు చాపల మీద సర్దుకున్నారు. గేయాల నిండా ఖాళీ ఉయ్యాల, గుమ్మం దగ్గర చిన్న చెప్పులు, పలక మీద సగం దిద్దిన అక్షరం. చదివేకొద్దీ ఆమె గొంతు తగ్గింది. మాస్టారి ఒక్క కొడుకు జ్వరంతో పోయినప్పుడు ఆమె ఆరో తరగతి. సమాధి దగ్గర బంతిపూలు పట్టుకుని నిలబడింది.

"మిస్, గా పిల్లగాడు మళ్ల రాడా?" అంది డోరా.

ఎవరూ మళ్ళీ చదవమనలేదు. అందులోని తడిసిన కాకి పాటకు మాత్రం పడిపడి నవ్వి, రెండుసార్లు చదివించుకున్నారు.

మధ్యాహ్నం మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు.

"ఏమ్మా కృపా, పాసయ్యానా?"

ఆమె కడిగిన కుంచెనే మళ్ళీ కడిగింది. "ఇవి పిల్లలకి కాదండి మాస్టారూ. మన బాబుకి రాసుకున్నారు."

ఆయన కిటికీలోంచి ఆటస్థలం వైపు చూశారు.

"ఒక్కటీ పనికిరాదా?"

"కాకి పాట మళ్ళీ చదవమన్నారండి."

"అది నేను రాసింది కాదమ్మా. మావాడే కట్టాడు. అన్నం తింటూ పాడేవాడు." చిన్నగా నవ్వారు. "నా శిష్యురాలివే. మార్కులు ఊరికే వెయ్యవు."

గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

బడి వదిలాక వాచ్‌మన్ భద్రయ్య గుమ్మం దగ్గర ఆగాడు. "మిస్... మన జకర్యా సార్ బస్టాపుల గూసున్నకాడనే ఒరిగిపోయిండు. దవఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది."

అతను వెళ్లాక దేవకృప పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు పట్టీ వేసినా ఎవరూ ఏమీ అనరు. కాకి పాట ఉన్న పేజీని అరచేత్తో నిమిరి, పుస్తకాన్ని పెద్దల బీరువాలోనే పెట్టి తాళం వేసింది.

బల్ల మీద ఆకుపచ్చ పట్టీ, రాసిన జిగురు ఎండిపోయి, లోపలికి ముడుచుకుని ఉంది.