పెళ్లిళ్ల అక్షరం

ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటరు యెహెజ్కేలు కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో సీసపు అక్షరాల మొహాలు తుడుస్తున్నాడు. ఆ ఇంగ్లీషు అక్షరాలంటే అతనికి ఎంత ఇష్టమో, వాటి యజమాని అంటే అంత ఒళ్లుమంట. నిలువు గీత అరటి బోదెలా లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం, అడుగున చదునైన పాదాలు. నాలుగు వాక్యాలు దానితో కూర్చితే సిరా పట్టి కార్డంతా మసైపోతుంది. పైన ఒక్క పేరు పెడితే మాత్రం వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది.

మండపేట షావుకార్ల శుభలేఖలన్నిటికీ అదే. చావు కార్డులకు మాత్రం దాన్ని ముట్టనివ్వడు ప్రెస్సు యజమాని కుక్కుటేశ్వరరావు. ఆ అక్షరాల పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. చావు తాకిన అక్షరంతో పెళ్లి కార్డు వేశారని తెలిస్తే తన గడప ఎవరూ తొక్కరని అతని భయం. పోయినవాళ్లకు అరిగిపోయిన సన్న అక్షరాల పెట్టె వేరే ఉంది.

యెహెజ్కేలు భార్య చిట్టెమ్మ రైసుమిల్లులో చెరిగి చెరిగి, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో పోయి రేపటికి ఏడాది. చదువు రాదు. కారియరు తెచ్చినప్పుడల్లా ఈ అక్షరాలు చేతిలోకి తీసుకునేది. "వీటికి కాళ్లున్నాయయ్యో!" అని నవ్వేది. మిల్లులో ఆమెను "ఒసే" అన్నవాళ్లే గాని పేరుతో పిలిచినవాడు లేడు. ఆ పేరు ఒక్కసారి ఈ అక్షరంలో పడాలి. అతనికి కావలసింది అంతే.

పొద్దున్నే యజమానిని అడిగాడు. "షావుకారు గారూ, రేపటి జ్ఞాపకార్థ కూటం కార్డు మీద మా ఆవిడ పేరు లావు అక్షరంలో వేసుకుంటానండి."

"మతిగాని పోయిందేంటి? మా మనవరాలి శుభలేఖ ఇవాళే మిషనెక్కాలి. చావు ముట్టిన అక్షరాలతోనా మా సాయిప్రసన్న పేరు? అయినా మీ వాళ్లలో ఇంగ్లీషు చదివి ఏడ్చేదెవరు? సన్నవాటితో కానివ్వు."

"చిత్తమండి" అన్నాడు. ఏళ్ల తరబడి అంటున్న మాటే. ఈసారి అంటూనే పసుపు పెట్టె వైపు చూశాడు.

కుక్కుటేశ్వరరావు భోజనానికి వెళ్లగానే పసుపు పెట్టె లాగాడు. అక్షరాలు పేర్చి, ఇనప చట్రంలో బిగించి, మిషనెక్కించి తొక్కాడు. కార్డు మీద చిట్టెమ్మ పేరు నల్లగా, నిండుగా పడింది. ఏడుపొచ్చింది. ఏడవకుండా ఇంకో కార్డు పెట్టాడు.

చివరి కార్డు తీస్తుండగా యజమాని వచ్చాడు. చూశాడు. మొహం కందగడ్డయింది.

"బయటికి నడు! మళ్లీ నా గడప ఎక్కావో, కాళ్లు విరగ్గొట్టిస్తాను!"

"అక్షరాలు విప్పి, కడిగి సర్దేసి పోతానండి."

"ఆ చేత్తో ఇంక ఏదీ ముట్టుకోకు!"

"అయితే మీరే సర్దుకోండి."

కార్డులు సంచిలో వేసుకుని, సిరా చేతులైనా కడుక్కోకుండా యెహెజ్కేలు వెళ్లిపోయాడు. ఆ వీధికి మళ్లీ రాలేదు.

మనవరాలి శుభలేఖ కాకినాడలో ఎవరిదో కంప్యూటరు మీద తయారైంది. మర్నాడు వచ్చిన కొత్త కంపోజిటరు సంగతి విని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. విప్పుదామంటే షావుకారుకీ చెయ్యి రాలేదు. చివరికి రైసుమిల్లు నుంచి పిలిపించిన కూలీ ఒకడు గోనెపట్టాతో పట్టుకుని చట్రాన్ని మిషన్లోంచి దింపాడు. గోడవారన, ఎండిన సిరాతో, చిట్టెమ్మ పేరు అందులో బిగించింది బిగించినట్టే ఉంది.