ఉపదేశి గారి అబ్బాయి

నీలిమకు తండ్రి సాక్ష్యం, అంటే తానెలా క్రీస్తును నమ్మాడో ఆయన చర్చిల్లో చెప్పే కథ, మూడు భాషల్లో నోటికి వచ్చు. గుంటూరు జిల్లాలో ఒక అగ్రహారం, నిష్ఠగల పూజారి తండ్రి, కాలేజీలో ఎవరో చేతికిచ్చిన సువార్త చదివి మనసు మారిన కొడుకు. బాప్తిస్మం తీసుకొని ఇంటికి వెళ్ళిన రోజున "నువ్వు మాకు చచ్చిపోయావు" అని తల్లి అతని ముఖాన తలుపు వేసింది. ఆ మాట దగ్గర పాస్టర్ సూర్యప్రకాశరావు గొంతు ప్రతిసారీ వణికేది. కాసేపు ఆగి, కోటు జేబులోంచి చిన్న గంధపు పెట్టె తీసి, అందులో దాచుకున్న తెగిన జంధ్యాన్ని పైకెత్తి చూపేవాడు. హాల్లో ఎవరో ఒకరు ఏడ్చేవారు.

యాభై ఏళ్ళ కిందట, బైబిల్ కాలేజీ విద్యార్థిగా యూరప్ వచ్చిన ఆయన, జర్మనీలో రైన్ నది ఒడ్డున ఒక చిన్న ఊరి చర్చిలో మొదటిసారి ఆ సాక్ష్యం చెప్పాడు. అక్కణ్ణించి హాలండ్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా చర్చిలు వరసగా పిలిచాయి. చివరికి లీడ్స్‌లో స్థిరపడి, అక్కడి తెలుగు వాళ్ళకు ఒక సంఘం కట్టాడు. నీలిమ లీడ్స్‌లోనే పుట్టింది. ఆమె చిన్నతనంలో వేసవి సెలవులంటే బీచ్ కాదు, పాత వ్యానులో ఊరి తర్వాత ఊరు, చర్చి తర్వాత చర్చి. డాక్టరు చదువుతానంటే తండ్రి నవ్వి, "నీ నోరు దేవుడికి కావాలమ్మా" అన్నాడు. జర్మన్ చదివించాడు. పందొమ్మిదో ఏటి నుంచి ఆయన పక్కన నిలబడి, ఆయన తెలుగులో చెప్పే ప్రతి వాక్యాన్నీ ఆమే జర్మన్‌లో చెబుతూ వచ్చింది. ఇప్పుడామెకు నలభై అయిదు. స్కూల్లో జర్మన్ టీచరు. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలింది తండ్రీ కూతుళ్ళే.

పెళ్ళి కాలేదు. కావలసిన ఒక్క పెళ్ళి ఆయనే ఆపాడు. దినేశ్ అని, వాళ్ళ సంఘంలోనే గిటార్ వాయించేవాడు. బాపట్ల దగ్గర ఒక మాలపల్లె నుంచి నర్సుగా వచ్చిన తల్లికి ఒక్కడే కొడుకు. "క్రీస్తులో అందరం ఒకటే, కాదనను. కాని వాళ్ళ ఇంటి నేపథ్యం వేరు, మనది వేరు. రేపు నువ్వే ఇబ్బంది పడతావు" అన్నాడు తండ్రి. అంత త్యాగం చేసి వచ్చిన మనిషిని మళ్ళీ బాధపెట్టడం ఇష్టంలేక నీలిమ ఆ మాట దినేశ్‌తో చెప్పింది. ఆ మరుసటి ఆదివారం నుంచి అతను చర్చికి రావడం మానేశాడు.

ఈ ఏడాది ఈస్టరుకు ఇంగ్లండ్‌లోని తెలుగు సంఘాలన్నీ నాటింగ్‌హామ్‌లో కలుసుకున్నాయి. సూర్యప్రకాశరావుకు జలుబు చేసి నీలిమ ఒక్కతే వెళ్ళింది. భోజనాల దగ్గర మాస్టర్స్ చదువుతున్న రిషిత అనే అమ్మాయి వచ్చి, "ఆంటీ, మా నానమ్మ మీతో మాట్లాడాలంటోంది. నా గ్రాడ్యుయేషన్ చూడ్డానికి ఇండియా నుంచి వచ్చింది" అంది.

కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ లేచి నిలబడింది. తెల్లచీర, మెడలో సన్నటి సిలువ గొలుసు. పేరు పుష్పలీల. నీలిమ ఆవిడ ముఖం వంకే చూస్తూ ఉండిపోయింది. అద్దంలో తన ముఖాన్నే ముప్పై ఏళ్ళు ముందుకు జరిపి చూస్తున్నట్టుంది. పై పళ్ళ మధ్య సందు, కుడివైపు కాస్త కిందికి వాలిన కనుబొమ్మ, అన్నీ అవే.

"నేను మీ నాన్న చెల్లెల్ని" అంది పుష్పలీల. తడబాటు లేకుండా, చాలాకాలం మనసులో అనుకుని ఉంచుకున్న మాటలా అంది.

నీలిమ మర్యాదగా నవ్వి, ఎవరో అనుకుని పొరబడుతున్నారని, తన తండ్రిది బ్రాహ్మణ కుటుంబమని చెప్పింది. పుష్పలీల వాదించలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పుకుపోయింది. వాళ్ళ నాన్న రేపల్లె పక్కన మాలపల్లెలో ఉపదేశి. అంటే పాస్టరు రాలేని చిన్న చిన్న పల్లెలు తిరిగి ప్రార్థన పెట్టి, పిల్లలకు అక్షరాలు నేర్పే మనిషి. తాటాకుల గుడి, దాని పక్కనే వాళ్ళిల్లు. అన్నయ్య పేరు దేవసహాయం. మిషన్ హాస్టల్లో ఫస్టు వచ్చేవాడు. విదేశానికి వెళ్ళాక రెండేళ్ళు ఉత్తరాలు రాసి మానేశాడు. నిరుడు రిషిత ఫోన్‌లో లీడ్స్ సంఘం వీడియో పెట్టినప్పుడు, ముఖం చూడకుండానే గొంతు విని గుర్తుపట్టిందట.

"నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తాడమ్మా?" అని అడిగింది చివర్లో.

"బుల్లెమ్మా అంటారు."

"మా అమ్మ నన్నలా పిలిచేది" అంది పుష్పలీల.

నీలిమ చేతిలోని ప్లేటు పక్కన పెట్టేసింది. ఆ తల్లి గురించి అడగడానికి భయపడుతూనే అడిగింది. ఒకసారి జర్మనీ వెళ్ళొచ్చిన పాస్టరుగారు ఒకాయన వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, మీవాడు పెద్ద ప్రసంగీకుడయ్యాడు, కాని ఇలా చెబుతున్నాడు అని ఆ సాక్ష్యమంతా వినిపించాడట. వాళ్ళమ్మ శ్రద్ధగా విని, "పాపం, ఆ తలుపేసిన తల్లి ఎవరండీ?" అని అడిగిందట. ఆ తర్వాత అర్థమైంది. పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇంటికి వెళ్ళిన నీలిమ తండ్రిని ఏమీ అడగలేదు. అబద్ధమైతే ఆయన్ను అవమానించినట్టవుతుంది, నిజమైతే తనకేం మిగులుతుంది? ఎదురుగా, ఈస్టరు తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండగ ప్రయాణం ఉంది. రైన్ ఒడ్డున ఆ చిన్న చర్చివాళ్ళు, తమ దగ్గర మొదటి సాక్ష్యం చెప్పి యాభై ఏళ్ళయిందని ఆయన్ను పిలిచారు. దారిలో ఆయనే చెబుతాడేమోనని ఆమె ఎదురుచూసింది. లండన్ నుంచి సముద్రం కిందుగా బ్రస్సెల్స్, అక్కణ్ణించి కొలోన్. రైల్లో ఆయన హుషారుగా ఉన్నాడు. ఏ ఊళ్ళో ఎవరింట్లో బస చేశారో, ఎక్కడ వ్యాను చెడిపోయిందో గుర్తు చేసి నవ్వించాలని చూశాడు.

కొలోన్‌లో రైలు మారడానికి వ్యవధి ఉంది. స్టేషను బయట, పెద్ద చర్చి మెట్ల ఎదుట ఒక కాఫీ హోటల్లో కూర్చున్నారు. ఆయన కాఫీలో పంచదార కలుపుతుండగా నీలిమ అంది. "నాన్నా, నాటింగ్‌హామ్‌లో పుష్పలీల గారు కలిశారు."

చెంచా తిప్పుతున్న చెయ్యి ఆగింది. ఆ పేరు ఎవరిదని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని నీలిమకు అనిపించింది.

ఆయన చెంచా సాసర్లో పెట్టి మొదలుపెట్టాడు. ఆ రోజు చర్చిలో తాను అబద్ధం చెప్పలేదన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, మా నాన్న పల్లెలో ప్రార్థన చేయిస్తాడని చెప్పాడు. ప్రార్థన చేయించే మనిషికి సరైన మాట దొరక్క 'ప్రీస్ట్' అన్నాడు. పక్కన నిలబడి జర్మన్‌లో చెప్పే పెద్దాయన దాన్ని బ్రాహ్మణ పూజారి కొడుకు అన్నాడు. బ్రాహ్మణ అన్న ముక్క ఒక్కటే తనకు తెలిసింది. హాలంతా లేచి నిలబడింది.

"అదే చోట కాదని ఒక్కమాట అనలేకపోయావా?"

"అనొచ్చు. కాని వాళ్ళు నా వంక చూసిన చూపు, బుల్లెమ్మా... మన ఊళ్ళో హోటల్ బయట వేరే గ్లాసులో టీ తాగినవాణ్ణి నేను. అలా నన్నెవరూ చూడలేదు. తర్వాతి వారానికి ఇంకో చర్చి పిలిచింది. ఉపదేశి కొడుకు వాళ్ళకెందుకు? అలాంటి నల్లపిల్లల ఫొటోలు వాళ్ళ గోడలనిండా ఉన్నాయి."

ఆ మాటకు నీలిమ మనసు ఒక్క క్షణం కరిగింది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు పరాయి దేశంలో తడబడటం ఆమెకు అర్థమైంది. అర్థంకానిది ఆ తర్వాతి యాభై ఏళ్ళు. జంధ్యం ఎక్కడిదని అడిగింది. వెంబ్లీలో పూజాసామాన్ల కొట్లో కొన్నానన్నాడు. కొని తానే తెంపానన్నాడు. దేవసహాయం అన్న పేరు కూడా ఆ రోజుల్లోనే మార్చుకున్నానన్నాడు.

"నానమ్మ పోయిన సంగతి నీకు తెలుసా?"

"తొంభై తొమ్మిదిలో. జర్మనీ వచ్చిన ఆ పాస్టరుగారి ద్వారా కబురొచ్చింది."

"అప్పుడెక్కడున్నాం?"

ఆయన గడియారం చూసుకున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది.

"బాసెల్‌లో. ఆ వారమంతా సభలున్నాయి. నువ్వూ ఉన్నావు."

నీలిమకు ఆ సభలు గుర్తొచ్చాయి. కొత్త నీలం గౌను వేసుకుని స్టేజీ మీద నిలబడి, నా తల్లి నా ముఖాన తలుపు వేసింది అని తానే గట్టిగా, స్పష్టంగా చెప్పింది. ఒకామె వచ్చి కౌగిలించుకుంది కూడా. మట్టి కప్పి వారం కూడా తిరగని మనిషి మీద ఆ నింద తన నోటితో వేయించాడు.

"మరి దినేశ్?" అంది. "వాళ్ళ నేపథ్యం వేరన్నావు. వాళ్ళూ మనమూ మాలపల్లె మనుషులమే కదా నాన్నా."

"వాళ్ళమ్మదీ మా ప్రాంతమే. పెళ్ళి మాటలు మొదలైతే రెండో రోజుకల్లా నా ఇంటి పేరు బయటపడేది" అన్నాడాయన, కాఫీ కప్పులోకి చూస్తూ. "నాకు వేరే దారి లేకపోయింది."

ఆమె లేచి వెళ్ళి మెట్ల మీద నిలబడింది. ఫొటోలు తీసుకుంటున్న జనం చుట్టూ తిరుగుతున్నారు. తన కన్నీళ్ళు ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేదు. రైలు వేళకు ఆయనే వచ్చి, మెల్లగా, రేపు చర్చిలో సంగతంతా తానే సరిచేస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని ఆమె రైలెక్కింది.

మరునాడు చర్చి నిండింది. యాభై ఏళ్ళ కిందట అక్కడ ఉన్నవాళ్ళు కొందరు ముందు వరసలో కర్రలు పట్టుకుని కూర్చున్నారు. పిల్లలు పూలు ఇచ్చారు. సూర్యప్రకాశరావు మైకు ముందుకు వచ్చాడు. నీలిమ ఎప్పట్లాగే ఆయన ఎడమవైపు నిలబడింది. ఆయన ముందు వరస వైపు చూశాడు. వాళ్ళు నవ్వుముఖాలతో ఎదురుచూస్తున్నారు.

"ఒక అగ్రహారంలో, పూజారి ఇంట్లో నేను పుట్టాను" అన్నాడు తెలుగులో.

నీలిమ నోరు తెరవలేదు. ఆమెకు వినపడలేదనుకున్నట్టు ఆయన అదే వాక్యం మళ్ళీ అన్నాడు. తర్వాత ఆమెకు మాత్రమే తెలిసేలా, అదే స్వరంతో, "చెప్పమ్మా, ఈ ఒక్కసారి" అన్నాడు.

ఆమె మైకు దగ్గరికి వంగి, జర్మన్‌లో అంది. "క్షమించండి. ఈ వాక్యం నేను చెప్పలేను. ఇది నిజం కాదు." అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. మిగతాది ఆయన చెప్పుకోవలసిందే. మెట్లు దిగి, వరసల మధ్యగా నడిచి బయటికి వచ్చేసింది. వెనకాల గుసగుసలు, ఆ తర్వాత ఎవరో ఆర్గన్ మొదలుపెట్టిన చప్పుడు వినిపించాయి. ఆమె ఆ మధ్యాహ్నమే ఒంటరిగా ఇంగ్లండ్ బయల్దేరింది.

వారం తర్వాత ఆయన్ను ఆ చర్చివాళ్ళు విమానం ఎక్కించారు. ఆ రోజు చర్చిలో తనకు ఒంట్లో బాగాలేదని చెప్పి కూర్చున్నాడని, కూతురు జర్మన్‌లో అన్నది అలసట వల్లేనని వాళ్ళకు నచ్చజెప్పాడని నీలిమకు తర్వాత తెలిసింది. ఇంట్లో ఇద్దరూ అవసరమైనంత వరకే మాట్లాడుకున్నారు.

జూన్‌లో ఒక శనివారం పుష్పలీల రిషితను వెంటబెట్టుకుని లీడ్స్ వచ్చింది. వస్తున్నట్టు నీలిమ తండ్రికి ముందే చెప్పింది. ఆయన వద్దనలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గదిలో కూర్చున్నాడు. పుష్పలీల గడపలో ఆగి, "అన్నయ్యా" అంది.

ఆయన లేచాడు. చెల్లెలి ముఖంలోకి చూశాడు. పెదవులు కదిలాయి.

"రండి, కూర్చోండి" అన్నాడు, ఆదివారం చర్చి గుమ్మం దగ్గర కొత్తవాళ్ళను పలకరించే గొంతుతో. "ప్రయాణం బాగా జరిగిందాండీ?"

పుష్పలీల ఆ మీరును విని, లోపలికి వచ్చి కూర్చుంది. టీ తాగింది. ఆయన వాతావరణం గురించి, నాటింగ్‌హామ్ సంఘం గురించి, రిషిత చదువు గురించి అడిగాడు. ఊరి పేరు ఎత్తలేదు, అమ్మ పేరు ఎత్తలేదు. మధ్యలో ఒకసారి ఆయన కప్పు దించుతుండగా సాసరు మీద టీ ఒలికింది. పుష్పలీల అలవాటుగా కొంగుతో తుడవబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

లేచేటప్పుడు చేతులు జోడించింది. "వెళ్ళొస్తాను అయ్యగారూ" అంది.

ఆవిడ ఊరివైపు సంఘస్తులు పాస్టర్లను అలాగే పిలుస్తారు. పల్లెవాళ్ళు అగ్రహారం వాళ్ళనూ అలాగే పిలుస్తారు. ఆయన తల వంచుకున్నాడు.

స్టేషన్లో పుష్పలీల ఏడవలేదు. "పాదాలు వాచినయ్యి అన్నయ్యకి. మా నాన్నకూ ఇట్టాగే వాచేవి. డాక్టరుకి చూపించమ్మా" అంది. తర్వాత, రైలు వస్తుండగా, "నీ మీద కోపం లేదుగా నాకు. నువ్వు రా" అంది. రిషిత తన గ్రాడ్యుయేషన్‌కు ఇచ్చిన రెండు టికెట్లలో రెండోది ఆంటీకేనని చెప్పింది. నీలిమ తప్పకుండా వస్తాను అత్తయ్యా అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని రైలు పెట్టె దాకా నడిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆమె అన్నం వండి, పప్పు వేడిచేసి, ఇద్దరికీ వడ్డించింది. ఆయన కళ్ళు మూసుకుని ఆహారం కోసం, ఇంటికోసం, కూతురి కోసం ప్రార్థన చేశాడు. ముగించి, ఆమె ఆమెన్ అంటుందని ఆగాడు. నీలిమ కంచం తన ముందుకు జరుపుకుని అన్నం కలుపుకోసాగింది. ఆయన చాలాసేపు కళ్ళు తెరవలేదు.