వంటింటి పక్క గది

పిల్లలూ, మీ పెద్దమ్మ ఇంట్లో కొన్నాళ్ళు ఒక గది ఉండేది. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు.

పెదనాన్న తాపీమేస్త్రీ. పొద్దున్నే తాపీ, మట్టం సంచిలో వేసుకుని పనికి వెళ్ళేవాడు. పెద్దమ్మ బట్టల దుకాణంలో చేసేది. నెలసరి రోజుల్లో ముదురు రంగు బట్టలే కట్టుకుని, కౌంటరు పట్టుకుని నిలబడేది. అంత రక్తం పోయేది. రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాలు పెట్టి తీశారు.

"పెద్ద గడ్డ గర్భసంచి గోడలో లోతుగా ఉంది. తీసి కుట్లు వేశాం," అంది డాక్టరమ్మ. "పూర్తిగా మానేదాకా ఆగండి. కడుపొస్తే మాత్రం నొప్పులు రానివ్వద్దు, ఆ కుట్టు తట్టుకోకపోవచ్చు. నేను చెప్పిన రోజున వస్తే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తాను."

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి వంటింటి పక్కన గది ఉంది. కిటికీ లేదు. గోడలు గోరువెచ్చగా ఉన్నాయి. ఒక గోడ మీద సన్నటి గీత, కుట్టు వేసినట్టు. అత్తగారు చూసి, "ఇన్నాళ్ళకి ఉల్లిపాయలకి చోటు దొరికింది," అంటూ బుట్ట తీసుకెళ్ళి అందులో పెట్టింది. ఇంటి ఓనరు వచ్చి, "కిటికీ కూడా పెట్టించుకోవాల్సింది," అని వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగాక పెద్దమ్మ నెల తప్పింది. ఆమె కడుపుతో పాటు గదీ పెరిగింది. గీత పొడుగై, నెమ్మదిగా విచ్చుకుంది.

పెదనాన్నకి తల కొట్టేసినట్టయింది. "మేస్త్రీ ఇంట్లోనే గోడ పగిలిందంటే రేపు నాకు పనెవరిస్తారే?" ఒక సెలవు రోజున కూర్చుని పగులు నిండా లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్ది, పసుపు రంగు వేశాడు. ఎంత వెతికినా గీత జాడ లేదు. "చూశావా, పాప గది!" అని మురిసిపోయాడు.

గోడ నున్నగా కనబడేసరికి అందరికీ ధైర్యం వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన రోజు దగ్గర పడింది.

"పొట్ట మీద చీమ కుట్టినంత మచ్చలు. వాటికోసం మళ్ళీ కోయించుకుంటావా అమ్మాయ్? నొప్పులు వాటంతటవే వస్తాయి, రానీ," అంది అత్తగారు.

"ఆవిడ రానివ్వద్దంది కదత్తయ్యా."

"ఆవిడ కనిందా నలుగుర్ని? నేను కన్నాను. వీడి తలకాయ చూడు, ఎంతుందో! దాన్నే కన్నాను."

పెద్దమ్మకి నవ్వొచ్చింది. కత్తంటే ఆమెకీ విసుగు పుట్టింది. పెదనాన్న గోడ వైపు చూసి, "నిక్షేపంలా ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగుదాం," అన్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేశారు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ ఉల్లిపాయలకని గదిలోకి వెళితే, లప్పం పెచ్చులు పెచ్చులుగా కాళ్ళ ముందు రాలిపడింది. గోడ దాన్ని లోపల్నుంచి తోసేస్తోంది. పగులు చెయ్యి దూరేంత ఉంది.

"ఏవండీ, గోడ ఊరుకోవట్లేదు."

పెదనాన్న ముందు తాపీ అందుకున్నాడు. తర్వాత పగుల్లో వేళ్ళు పెట్టి చూశాడు. ఇటుక లేదు, సిమెంటు లేదు. వెచ్చగా, తడిగా, కొట్టుకుంటోంది. తాపీ కింద పడేశాడు.

"పద ఆసుపత్రికి."

"దానికి నొప్పులేం లేవు కదరా?" అంది అత్తగారు.

"రాకముందే వెళ్ళాలమ్మా. వచ్చాక వెళ్ళి ఏం చేస్తాం?"

డాక్టరమ్మ పొట్ట తెరిచి చూసిందట. కుట్టు వేసినచోట గర్భసంచి తడి కాగితంలా పల్చబడి ఉంది. దాని వెనక బిడ్డ జుట్టు కనిపిస్తోంది.

ఆడపిల్ల. గట్టిగానే ఏడ్చింది. కానీ తల్లికి రక్తం ఆగలేదు. ఆమెను దక్కించుకోవడానికి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి వంటింటి పక్కన ఉత్త గోడే ఉంది. అత్తగారు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఆ గోడకి వీపు ఆనించి చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత పెదనాన్న ఎవరింట్లోనూ పగుళ్ళు పూడ్చే పని ఒప్పుకోలేదు.

ఆ పాపే మీ అక్క. "నాకు చెల్లెలెందుకు లేదమ్మా?" అని అడిగినప్పుడల్లా పెద్దమ్మ మాట మార్చేది. పోయిన వారం అక్కకీ గడ్డలున్నాయన్నారట. "చిన్న రంధ్రాలతో తీసేస్తారు పిన్నీ, వారం తిరక్కుండా పనిలోకి వెళ్ళిపోతాను," అని ఫోన్లో నవ్వింది.

చేయించుకోనివ్వండి, భయపెట్టకండి. కానీ మీరంటే దానికి ప్రాణం, మీరు చెబితే వింటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ గది గురించి ఏదీ వదలకుండా చెప్పండి.