ఓడిపోయే పని

“జర ఛాయ్ పెట్టు. నిన్ను ఓడగొట్టాలంటే గూడ ఓపిక ఉండాలె గదా!” పల్సానాలో బట్టల మిల్లు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే జితేందర్ అనే మాట ఇది. సింధూజ ఛాయ్ పెడుతుంది, చీరలకు కూలికి అంటిస్తున్న మెరుపు రాళ్లు పక్కకు జరుపుతుంది, పేకముక్కలు పంచుతుంది, మొగుడి చేతిలో ఓడిపోతుంది. పెళ్లికి ముందు రమ్మీ పోటీల్లో గుజరాత్ మొత్తాన్ని ఓడించిన మనిషి ఆమె! కొత్తలో ఒక్కసారి అతని దోస్తుల ముందు గెలిచింది. ఆ ముక్కలన్నీ స్టౌ మీద కాలిపోయాయి. నెలంతా అతను ఆమె చేతి కూడు ముట్టలేదు. “మొగోన్ని నలుగురిల నవ్వులపాలు జేసినవ్ గదనే” అని అత్త వెంకటవ్వ శాపనార్థాలు. పోటీలకు వెళ్లడమూ ఆనాటితో బందే. అప్పట్నుంచి ఓడడం నేర్చుకుంది. అదేమన్నా తేలికా? అతనికి కావలసిన ముక్కేదో ముందే పసిగట్టాలి, ఆలోచించినట్టు నటించి అదే వదలాలి, అయ్యో అని మొహం పెట్టాలి. అనుమానం వచ్చిందా, ఇక అంతే సంగతులు.

అలాంటిదాన్ని అదే ఊళ్లో వేసు అనే పేటలో కొత్త కార్డు ఆటలు తయారుచేసే కంపెనీ పిలిచింది. ఆడడం కాదు, ఆటలు కల్పించే ఉద్యోగం. పరీక్ష ఒక్కటే. సొంతంగా ఒక ఆట తయారుచేసి, అది తెలియనివాళ్లతో ఆడించి, ఫోన్‌లో వీడియో తీసి, ఎక్కడా కత్తిరించకుండా పంపాలి. ఆడుతున్నంతసేపూ తయారుచేసినవాళ్లు నోరు విప్పకూడదు. ఇది పోతే డిండోలిలో ఈ గదిలోనే రాళ్లంటిస్తూ, రోజుకో ఆట ఓడిపోతూ ముసలిదైపోతుంది.

చీరల డబ్బాల అట్ట కత్తిరించి ముక్కలు చేసింది. దాచుకున్నవాళ్లు ఓడతారు, పంచేసినవాళ్లు గెలుస్తారు, అదీ ఆట. ఆదివారం జితేందర్, వెంకటవ్వ, పక్కింటి ఓంప్రకాష్ కూర్చున్నారు. సింధూజ నియమాలు ముందే చెప్పేసి, ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి పక్కకు జరిగింది. “ఛాంపియన్‌నే ఓడగొట్టెటోన్ని, నాకు గిదెంత!” అంటూ జితేందర్ నియమాలు పట్టించుకోకుండా పెద్ద ముక్కలన్నీ గుప్పిట్లో కుక్కుకున్నాడు. మునిగిపోతున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. వదిలేయండి అని ఒక్క మాటంటే ఇల్లు నిలుస్తుంది, ఉద్యోగం పోతుంది. దేవుడా, ఎట్లా చావాలి! పెదవి కొరుక్కుని కూర్చుంది.

వెంకటవ్వ గెలిచింది. “ఓయమ్మ, నేనేనా?” అని ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నవ్వింది. ఓంప్రకాష్ కూడా నవ్వేశాడు. జితేందర్ ముక్కలు విసిరికొట్టి ఫోన్ వైపు తిరిగాడు.

“సార్, దీన్ని రోజూ ఓడగొట్టెటోన్ని నేను. గసుంటి నేనే ఓడిన్నంటే తప్పు ఆటలనే ఉన్నది. ఏమే, నీ నోటితోని నువ్వే చెప్పు!”

ఆట అయిపోయింది, ఇక నోరు విప్పొచ్చు. అవునండీ అనే మాట అలవాటుకొద్దీ నాలుక చివరికి వచ్చేసింది. ఆ ఒక్క మాట అంటే రాత్రి అన్నం ఎప్పటిలాగే అందరికీ దిగుతుంది. అనకపోతే ఈ అట్టముక్కలు కూడా స్టౌ మీదికే పోతాయి. ఫోన్ ఇంకా తీస్తూనే ఉంది.

“ఆటల తప్పు లేదండీ,” అంది సింధూజ. “పెండ్లైన కాడ్నుంచి మీరు నా మీద ఒక్కసారి గూడ గెలువలేదు.”