ఓబన్ననాయుడిది కాని పిస్తోలు

నేను ఒక పిస్తోలును. జేబులో ఇమిడే చిన్నదాన్ని కాదు. గుర్రపు జీను పక్కన తోలు సంచిలో వేలాడే రౌతు పిస్తోలును. అక్రోటు కొయ్య పిడి, ఇత్తడి కట్లు, లావాటి ఇనుప గొట్టం. స్విట్జర్లాండ్‌లో, మంచుకొండల కింద ఒక ఊళ్ళో, ఆ దేశపు సైన్యం కోసం పుట్టాను. నన్ను చేసిన ముసలాయన గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి లోపలికి చూశాడు. తల ఊపి కింద పెట్టాడు. ఆ పనిశాలలో అంతకు మించిన మెప్పు లేదు. ఆ తర్వాత సర్కారు మనిషి వచ్చి నా గొట్టం మీద, పిడి దగ్గర, చిన్న శిలువ గుర్తు కొట్టాడు. ఆ సుత్తిదెబ్బ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ విరుచుకోవాలనిపిస్తుంది.

ఆ దేశంలో సైనికుడంటే ఏడాది పొడుగునా పొలం పని చేసుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు గుర్రమెక్కి వెళ్ళేవాడు. నా రౌతుకు పాడి ఆవులుండేవి. కవాతుల్లో చెక్కబల్లల మీద నన్ను పేల్చేవాడు. మనిషి మీద పేల్చే అవసరం అతనికీ రాలేదు, నాకూ రాలేదు. కొత్తరకం తుపాకులు వచ్చాక సైన్యం మా బోటివాళ్ళను వదిలించుకుంది. నన్ను అతనే ఇంట్లో ఉంచుకున్నాడు. అతని మనవడు గడియారాలు బాగుచేసే పని నేర్చుకుని ఓడెక్కి మద్రాసు వచ్చాడు. పెట్టెలో గడియారాల మధ్య నేనూ వచ్చాను.

మద్రాసులో ఎవరో అతణ్ణి దొంగల కథలు చెప్పి భయపెట్టారు. ఒకరోజు నా గొట్టంలో మందు పోసి, కాగితం కూరి, సీసపు గుండు దిగగొట్టి మంచం పక్కన పెట్టుకున్నాడు. దొంగ రాలేదు. జ్వరం వచ్చింది. ఆ జ్వరంలోనే అతను పోయాడు. సామాను వేలంలో గడియారాలు ముందు పోయాయి, చివర్లో నన్నూ ఒక గొడుగుల స్టాండునూ కలిపి కర్నూలు నుంచి వచ్చిన ఒక నాటకాల కంపెనీ యజమాని కొన్నాడు. లోపల మందూ గుండూ ఉన్నాయేమోనని ఎవరూ చూడలేదు. చెప్పడానికి నాకు నోరుంది గానీ, అది మాట్లాడే నోరు కాదు.

కంపెనీవాళ్ళు నా ఒంటినిండా వెండిరంగు పూశారు. దీపాల వెలుగులో మెరవాలట. గుమ్మకొండ ఓబన్ననాయుడు అని, కుంపిణీ తొలిరోజుల్లో ఆ సీమలో ఒక పాలెగాడు ఉండేవాడు. దొరల మీద తిరగబడి ఉరికంబమెక్కాడు. ఆయన కథే వాళ్ళ పెద్ద నాటకం. ఓబన్న వేషం కంబగిరప్పది. చివరి రంగంలో అతను నన్ను దొర గుండెలకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కేవాడు. తెరవెనక టపాకాయ పేలేది. దొర పడిపోయేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు.

ఆ ఈలలు వినిపిస్తున్నప్పుడల్లా నేను వణికేదాన్ని. ఒకసారి కంబగిరప్పకు ఇంకాస్త పొగ కావాలనిపించింది. పిల్లలు పేల్చుకునే రీలుబిళ్ళ ఒకటి నా సుత్తి కింద పెట్టి నొక్కాడు. నిప్పు రవ్వ నిజంగానే లేచింది. లోపలికి దారి తుప్పుతో మూసుకుపోయి ఉండబట్టి అక్కడే చచ్చింది. దొర వేషగాడు ఎప్పటిలాగే పడ్డాడు. తెర దిగాక లేచి బీడీ వెలిగించుకున్నాడు. తుప్పంటే మా జాతికి అవమానం. ఆ రోజు మాత్రం దానికి దండం పెట్టుకున్నాను.

ఏళ్ళు గడిచేకొద్దీ, ‘ఓబన్ననాయుడి నాటకంలో పిస్తోలు’ అన్న మాటలోంచి ‘నాటకం’ రాలిపోయింది. నేను ఓబన్ననాయుడి పిస్తోలునైపోయాను. ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ కొంచెం కొంచెం నమ్మారు, అంతే.

కంపెనీ మూతపడ్డాక ఆదోనిలో ఒక ట్రంకు పెట్టెలో, అట్ట కిరీటాల కింద చాలాకాలం ఉన్నాను. అక్కడి నుంచి నన్ను కొని బయటికి తెచ్చినావిడ డాక్టర్ హైమవతి. కర్నూల్లో పళ్ళ డాక్టరుగా పనిచేసి, ఈమధ్యనే ఆసుపత్రి మూసేసింది. పాత వస్తువులంటే ప్రాణం. కొన్నరోజే పోలీసు స్టేషన్‌కు వెళ్ళి నా సంగతి చెప్పి రాయించి, ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర బల్లమీద తెల్లగుడ్డ పరిచి పడుకోబెట్టింది.

వార్త నాకంటే ముందు నడిచింది. మర్నాడే గుమ్మకొండ నుంచి తిమ్మానాయుడు వచ్చాడు. ఓబన్ననాయుడి వంశంలో మిగిలిన పెద్దాయన. తెల్లటి తలపాగా, చేతికర్ర.

“సూడనీమ్మా ఒకతూరి,” అన్నాడు గుమ్మంలోంచే.

నన్ను రెండు చేతులా ఎత్తుకున్నాడు. కళ్ళు మూసుకుని, నా గొట్టం మూతి తన నుదుటికి ఆనించుకున్నాడు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. నన్ను దేవుడి పటంలా పట్టుకున్న ఆ మనిషి నుదుటికి, నాలోని గుండుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

“మా ఊరికి తీసకరాల్లమ్మా దీన్ని. పందిరేస్తాం. మేళం పెడతాం. మా ఓబన్న మల్లీ ఊర్లోకి వచ్చినట్లే,” అన్నాడు.

“తప్పకుండా నాయుడుగారూ. ముందు కాస్త శుభ్రం చేయనివ్వండి,” అంది హైమవతి.

ఆ శుభ్రం చేయడం చూడాలి! నా జీవితంలో అలాంటి చేతులు అంతకు ముందెప్పుడూ దొరకలేదు. గరుకు కాగితం ముట్టుకోలేదు, యాసిడ్ పోయలేదు. దూదిని నూనెలో ముంచి, పళ్ళ గార గీకే సన్నటి కొక్కేలతో వెండిరంగును పొరలు పొరలుగా లేపింది. “ఇంకొంచెం... నొప్పిగా ఉందా?” అనేది అలవాటుకొద్దీ. రంగు కింద కొయ్య నిగారింపు కనబడగానే తనలో తాను నవ్వుకుంది.

మూడోపూట గొట్టం లోపల శుభ్రం చేద్దామని సన్నటి వెదురుపుల్ల దింపింది. అది ఆగినచోట గుర్తుపెట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూసింది. పన్ను వేరు లోతు కొలిచే అలవాటు ఆవిడది. పుల్ల అడుగుదాకా పోలేదు. రెండు వేళ్ళ మేర ఇవతలే ఆగింది. తుప్పు గడ్డకట్టిందనుకుని కొక్కెం పెట్టి గీకింది. కొక్కెం కొనకు బూడిదరంగు మెరుపు అంటుకుంది. ఇనుము అలా మెరవదు, సీసం మెరుస్తుంది. ఆవిడ కొక్కెం మెల్లగా పక్కన పెట్టింది.

వెంటనే మహబూబ్ పీరాకు ఫోన్ చేసింది. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే విభాగంలో సుబేదారుగా చేసి వచ్చినాయన, పక్కవీధిలోనే ఇల్లు.

“డాక్టరమ్మా, దాన్ని ఇంక ముట్టుకోవద్దు. మూతి గోడవైపు తిప్పి మీరు బయటికొచ్చేయండి. వస్తాండా,” అన్నాడు.

పీరా నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు. గొట్టం నిండా నూనె పోసి నాననిచ్చాడు. తర్వాత సుత్తి కిందున్న చిన్న మొనను విప్పి, ఆ వైపు నుంచీ తడిపాడు. చివరికి కొనకు మర ఉన్న కడ్డీ దింపి, తిప్పి తిప్పి లాగాడు. సీసపు గుండు బయటికి వచ్చింది. దాని వెనక నల్లటి ముద్ద. ఆ ముద్ద నడుమ తడవని పిసరొకటి తీసి బండమీద పెట్టి, దూరం నుంచి పొడవాటి పుల్లతో నిప్పు ముట్టించాడు. బుస్సుమని మంట లేచింది.

హైమవతి మెట్టుమీద కూలబడింది. “నాయుడుగారు నిన్నగాక మొన్న దీన్ని నుదుటికి పెట్టుకున్నారు పీరా,” అంది.

నాకు మాత్రం ఎన్నో తరాల బరువు దిగింది. మనిషి ప్రాణం తీయలేదన్న గర్వం నాది. ఆ గర్వాన్ని ఒక పొరపాటు ఎప్పుడు మింగేస్తుందోనని బతికాను. ఇక ఆ భయం లేదు.

గొట్టాన్ని కొయ్య నుంచి విడదీసి తుడుస్తుంటే పిడి దగ్గర చివరి వెండిపొర లేచింది. శిలువ బయటపడింది.

“ఇదేందమ్మా, మీకు తగినట్లు ఆసుపత్రి గుర్తుండాదే!” అన్నాడు పీరా. “ఇంగ్లీషోళ్ళదైతే కిరీటముండాల.”

హైమవతి భూతద్దం పెట్టి చూసింది. పుస్తకాలు తిరగేసింది. అలాంటి పిస్తోళ్ళ బొమ్మల పక్కన నన్ను పెట్టి ఇత్తడి కట్టునూ, సుత్తి వంపునూ పోల్చింది. నా ముక్కలన్నిటి మీదా ఒకే అంకె ఉందని, అంటే ఏ ముక్కా తర్వాత మార్చింది కాదని చూపించింది. ఆవిడ గొంతులో చిన్నపిల్ల సంబరం. “స్విట్జర్లాండ్ సైన్యానిది పీరా! గుర్రపు దళానిది!” అంది. పుట్టి ఇన్నాళ్ళకు, నా పుట్టింటి పేరు ఈ గడ్డమీద ఒక మనిషి నోట విన్నాను.

అంతలోనే ఆవిడ ముఖం వాడిపోయింది. మందు నింపిన చిన్న రాగి టోపీ మీద సుత్తి పడితే పేలే నా బోటి పిస్తోలు, ఓబన్ననాయుడు బతికున్న రోజుల్లో అసలు పుట్టనే లేదు. అక్కడేమో గుమ్మకొండలో పందిరి లేస్తోంది.

“చెప్పకుంటే ఏం పోతాదమ్మా? పెద్దాయన సంతోషపడతాడు,” అన్నాడు పీరా.

“పుచ్చిన పన్నుకు తెల్లరంగు పూసి పంపించమంటావా? నావల్ల కాదు,” అంది హైమవతి.

తిమ్మానాయుణ్ణి పిలిపించి, శిలువ గుర్తు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని విన్నాడు.

“అట్లయితే మా ఓబన్న కథ అబద్ధమా?”

“లేదు నాయుడుగారూ. ఆయన నిజం, ఆయన ఉరి నిజం. ఇది ఆయనది కాదు, అంతే.”

“నేను చిన్నోన్నబ్బుడు ఆ ఆట చూసినా. దొర పడిపోతానే మా నాయన నా పక్కన కూచోని ఎక్కెక్కి ఏడ్సినాడు. మా నాయన ఏడ్సంగా నేను సూసింది అదొక్కతూరే.” ఆగి నావైపు చూశాడు. “ఆయప్ప ఏడ్సింది దీన్ని సూసేనా?”

“దీన్ని చూసే.”

కాఫీ ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాం. ఆదివారం పొద్దున ఊరి ట్రాక్టరు వచ్చి ఇంటిముందు ఆగింది. “పందిరి ఇప్పలేదమ్మా. తీసకరా,” అన్నాడు దిగుతూనే.

గుమ్మకొండంతా పందిరి కింద ఉంది. మేళం ఆగింది. తిమ్మానాయుడు నన్ను ఎత్తిపట్టాడు. ఈసారి మూతి ఆకాశం వైపు ఉంది. పీరా నేర్పి ఉంటాడు.

“అప్పలారా, ఇనండి! ఇది మన ఓబన్నది కాదు,” అన్నాడు గట్టిగా. గుంపులో గొణుగుడు మొదలైంది. ఆయన లెక్కచేయలేదు. “ఇది పరదేశం నుంచి వచ్చింది. ఓబన్నను మనం మర్చిపోతాంటే, ఆయప్ప పేరు సెప్పుకుంటా ఊరూరూ తిరిగింది. కడుపులో గుండు పెట్టుకోని కూడా మనోన్ని ఒక్కన్ని సంపలేదు. మనది కాకపోయినా, ఇంత చేసినదానికి మేళం పెట్టకపోతే ఎట్లప్పా?”

మేళం మోగింది. నన్ను చేసిన ముసలాయన తల ఊపినప్పుడు కూడా నేను ఇంత పొంగిపోలేదు.

ఇప్పుడు కర్నూల్లో పాత నాటక కళాకారులు తెరిచిన చిన్న ప్రదర్శనశాలలో, పోలీసుల అనుమతితో, అద్దాల పెట్టెలో ఉన్నాను. ‘స్విట్జర్లాండ్ గుర్రపు దళం పిస్తోలు’ అని హైమవతి తన చేత్తో రాసిన చీటీ నా ముందుంది. తిమ్మానాయుడు బస్సెక్కి తరచూ వస్తాడు. నా పెట్టె పక్కనే కుర్చీ వేయించుకుంటాడు. వచ్చినవాళ్ళు చీటీ చదవడానికి వంగితే ఆయన ఊరుకోడు.

“చదవాల్సిన పన్లేదు, నన్నడుగు,” అంటాడు తలపాగా సర్దుకుంటూ. “ఇది ఎవరిదో నేను చెప్తా.”