ఎడారి మీద వెన్నెల చార

కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని, దగ్గు వచ్చినప్పుడల్లా పెన్సిలు పైకెత్తి పట్టుకుని, వరదానం ఇసక బొమ్మ రాస్తున్నాడు. ఏలూరులో నాటకాల తెరల మీద బొమ్మలు రాయడం ఆయన పని. రాజుగారి కొలువులో పుట్టి పెరిగినట్టు స్తంభాలు రాస్తాడు, ఉండేది మాత్రం తాటాకు పాక. ఆ స్తంభాలన్నీ వేరేవాళ్ల తెరలు చూసి దింపినవే. టాకీలొచ్చాక ఆ పని కూడా తగ్గింది. అలాంటప్పుడు తాడేపల్లిగూడెం నాటక కంపెనీ యజమాని కోదండరామయ్య ఎడారి తెర కావాలని గుడ్డ పంపాడు. చూసి దింపడానికి ఎడారి ఎక్కడా దొరకలేదు. మొదటిసారి సొంతంగా రాయాల్సి వచ్చింది.

రెండు కొండలు, నడుమ ఇసక లోయ, పైన నిండు చందమామ. చందమామ కింద లోయ పొడుగునా ఒక చార తెల్లగా వదిలేశాడు.

పొద్దున్నే వచ్చిన కోదండరామయ్య కాగితం చూసి నవ్వాడు.

"ఇది ఎడారా, కొల్లేరా? ఇసక మీద వెన్నెల చార పడదయ్యా. తీసేస్తే సరే, లేదంటే పాత అడివి తెరే కట్టిస్తాను."

వరదానం సిగ్గుపడ్డాడు. "కొల్లేటి లంకలో పుట్టినవాణ్ణండి. నేను చూసిన వెన్నెలంతా నీళ్ల మీదేనండి."

పెన్సిలు పక్కకు వాల్చి చారంతా నలుపు చేశాడు. కోదండరామయ్య సరేనని వెళ్లిపోయాడు. ఇక ఆ లోయలో మనిషి నడవడానికి దారి లేదనిపించి వరదానానికి దుఃఖం వచ్చింది.

దగ్గు తగ్గేదాకా పడుకోమంది భార్య మణెమ్మ.

"ఇన్నాళ్లూ ఎవరివో రాశాను మణీ. ఇదొక్కటే నాది."

మధ్యాహ్నం వాకిట్లో గుడ్డ పరిచి, బొగ్గు పట్టుకుని దాని మీద మోకరిల్లాడు. మణెమ్మ గంజి తెచ్చేసరికి నుదురు గుడ్డకు ఆనించి ఉన్నాడు. చూపు ఆనక ఎప్పుడూ అంత దగ్గరగానే రాస్తాడు కనుక, గ్లాసు పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. గంజి చల్లారినా తాగలేదని వచ్చి, "ఏవండీ" అని భుజం తట్టింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

సమాధి చేసిన మర్నాడు గుడ్డ కోసం కంపెనీ మనిషి వచ్చాడు. సరిగ్గా మడిచి ఇద్దామని మణెమ్మ దాన్ని పరిచింది. కొండలు లేవు, చందమామ లేదు. అంత గుడ్డలోనూ రెండు బొగ్గుగీతల మధ్య, పైనుంచి కింది అంచుదాకా, తెల్లటి చార ఒక్కటే ఉంది.