మంచు పడ్డ చేను

మా అమ్మాయి ఉమ బట్టలు సంచిలో సర్దుకుంటోంది. పురుటికి వచ్చిన బిడ్డ అయిదో నెల దాకా పుట్టింట్లో ఉండాలి. మూడు నెలలు నిండకుండానే రేపు పొద్దున అత్తగారింటికి పోతానంటోంది. కారణం మా నడిమింట్లో దూలాల దాకా నింపిన పత్తి. పత్తి నిల్వ ఉంటే పురుగు చేరుతుంది. దాని దురద ఇల్లంతా పాకింది. పసివాడి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు.

ఊళ్లు తిరిగి పత్తి కొని కేసముద్రం మార్కెట్‌కు తోలడం నా పని. కొన్న సరుకును నేను ఇంట్లో నిద్ర చేయనివ్వను. ఇది మాత్రం మా ఆయన పరశురాములు చేనులో పండింది. కిందటేడు తొందరపడి అమ్మాక ధర ఎగిరింది. ఆ బాధతో ఈసారి అమ్మకుండా ఆపి, అమెరికా మంచును నమ్ముకున్నాడు.

అక్కడ క్రిస్మస్ ముందు తుఫాను వచ్చి, బఫెలో అనే పట్నంలో కార్లు మంచులో కూరుకుపోయాయి. ఫోనులో అది చూసినప్పటి నుంచి ఆయన కుదురుగా కూర్చోలేదు. ఒక చేత్తో గోక్కుంటూ ఇంకో చేత్తో ఆ దేశపు పాత చలికాలాలన్నీ తవ్వుతున్నాడు. రెండేళ్ల కింద టెక్సాస్‌లో కరెంటు పోయి జనం ఇళ్లలోనే చలికి చనిపోయారట. నూరేళ్లకు ముందొకసారి మిసిసిపీ నదిలో మంచుగడ్డలు సముద్రం దాకా కొట్టుకుపోయాయట. ఆ రెండూ పత్తి పండే సీమలేనట. అక్కడి పంట పోతే మన పత్తికి ధర లేస్తుందని ఆయన లెక్క.

"అమెరికాల చలి పెడితే మనింట్ల దురద పుట్టింది బాపు," అంది ఉమ, సంచి మూతి బిగిస్తూ.

ఆయన ఫోనులోనే తల దూర్చాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"కార్లు సూపెట్టినవు, నది సూపెట్టినవు. జర చేను సూపెట్టు."

వెతికి వెతికి ఒకటి తీశాడు. అంతా తెలుపు. మంచులోంచి నరికిన మోళ్లు పొడుచుకొచ్చాయి. గట్టున పసుపు పట్టాలు చుట్టిన పెద్ద పెద్ద గుండ్రటి మోపులు వరుసగా ఉన్నాయి.

"గవేంది?"

"ఏరిన పత్తి మోపులట," అని కింద రాసింది చదివి ఆయన ఫోను ఒళ్లో పెట్టుకున్నాడు. మా దగ్గర చలి ముదిరినా చెట్టు మీద పత్తి ఉంటుంది, ఆఖరి ఏరుడు మిగిలే ఉంటుంది. అక్కడా అంతే అనుకున్నాడు.

"ఆళ్లు ఎప్పుడో ఏరి మోపులు కట్టిన్రు. మంచు పడ్డది ఉత్త చేను మీద," అన్నాను. "మనమే పత్తి పక్కన పండుకొని గోక్కుంటున్నం."

"మరి ధర?"

"ధర ఏమైతదో నాకు తెల్వది. పిలగాని ఒళ్లు ఏమైతదో కండ్ల ముందటనే ఉన్నది."

చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, సరుకు తోలే వాల్యాకు బండి తెమ్మని ఆయనే ఫోను చేశాడు.

మర్నాడు పొద్దున్నే పత్తి వెళ్లిపోయింది. నేను గది ఊడ్చి, కడిగి, వేపాకు పొగ వేశాను. ఉమ సంచి గడప దగ్గరే ఉంది. పిల్లగాడు నిమ్మళంగా పండుకుంటే అప్పుడు చూస్తానంది. పత్తి అమ్మి వచ్చిన ఆయన ఫోనులో ధర చూడడమూ మానలేదు, వీపు గోక్కోవడమూ మానలేదు.

చీకటి పడ్డాక పసివాడు ఒకసారి కదిలి, గింజుకోకుండా మళ్లీ నిద్రపోయాడు. ఉమ సంచిలోంచి ఒక్క చీర తీసి దండెం మీద వేసింది. మిగతావి అందులోనే ఉంచింది.

సగం బేరం కుదిరినట్టే. సంచిని అక్కడే ఉండనిచ్చాను.